బ్రౌజరు ట్యాబుల యాజమాన్యము

ఒక ఏడు కార్తీక మాసమున వరి కోసి, పనలు ఇంకను చేలోనే యుండగా, మూడు దినములు ముసురు పట్టినది. పనలు నీట నానినవి. ఒక రైతు ఆ నష్టమును తెలియజేయుటకై తన కుమార్తెచేత ఇంటిలోని కంప్యూటరుపై దరఖాస్తు నింపించుచుండెను. పాసుపుస్తకము సంఖ్య, సర్వే నంబరు, విస్తీర్ణము, బ్యాంకు ఖాతా సంఖ్య, ఒక్కొక్కటే ఆయన చదువగా ఆమె గళ్ళలో కొట్టుచుండెను. ముప్పావు గంట పట్టినది. చిట్టచివర ‘నిబంధనలు చదువుడు’ అను నీలిరంగు అక్షరములు కనబడినవి. ఆమె వాటిపై నొక్కినది. నిబంధనల పుట వచ్చినది. దరఖాస్తు కనబడకుండ పోయినది.

“ఇందాక నింపినదంతా ఏదమ్మా?” అని తండ్రి అడిగెను.

“వెనక్కు వెళితే వస్తుంది, నాన్నా” అని ఆమె ఎడమవైపు బాణపు గుర్తును నొక్కినది. దరఖాస్తు తిరిగి వచ్చినది గాని గళ్ళన్నియు ఖాళీగా నుండెను. అంతలో కరెంటు పోయినది.

ఈ వ్యాసము వ్రాయువాడు ఆ సాయంకాలము ఆ యింటి అరుగుమీదనే కూర్చుండియుండెను. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన క్రింద నీట మునుగుట, వడగండ్లు మున్నగు స్థానిక వైపరీత్యములవలన పంట పోయినచో 72 గంటలలోగా తెలియజేయవలెనని నియమము కలదు. ఆ 72 గంటలలో వాన ఆగుటకు, చేనికి పోయి చూచుటకు, కాగితములు వెదకుటకు పోయిన కాలము పోగా మిగులునది కొద్దియే. మరునాడు ఉదయము వారు మరల కూర్చుండి నింపి పంపిరి. గడువు మిగిలియుండుటచే గండము గడచినది.

సోదరులారా, సోదరీమణులారా! ఆ అమ్మాయి చేసిన తప్పు ఏమియు లేదు. లింకును నొక్కుటకు ఒకటి కంటె ఎక్కువ విధములున్నవని ఆమెకు ఎవరును చెప్పలేదు, అంతే. నేడు వాతావరణము, మార్కెట్ ధరలు, భూమి రికార్డులు, సబ్సిడీలు, బీమా అన్నియు బ్రౌజరు గుండానే మన యింటికి వచ్చుచున్నవి. కావున ఏ లింకు ఎక్కడ తెరచుకొనవలెనో నిర్ణయించు అధికారమును మన చేతిలో నుంచుకొనుట అవసరము. అందుకు పైసా ఖర్చు లేదు. నాలుగైదు అలవాట్లు చేసికొనిన చాలును.

ట్యాబు అనగా నేమి?

వెబ్బును 1989లో స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్ లీ ప్రతిపాదించెను. ఒక పుటలోని మాటను నొక్కినచో మరియొక పుటకు పోవుట, అనగా లింకు, దానికి మూలాధారము. మొదటి కాలములో సామాన్యముగ వాడిన బ్రౌజరులలో ఒక కిటికీకి ఒకే పుట. రెండవ పుట కావలెనన్న రెండవ కిటికీ తెరువవలసినదే. పది పుటలు చూచువానికి పది కిటికీలు తెరపై ఒకదానిమీద నొకటి పేరుకొనెడివి.

ఒకే కిటికీలో అనేక పుటలను ప్రక్క ప్రక్కనే అమర్చి, పైన ఒక్కొక్కదానికి ఒక చీటీ పెట్టుటయే ట్యాబు పద్ధతి. 2004 నవంబరులో వెలువడిన ఫైర్‌ఫాక్స్ 1.0లో ట్యాబులుండెను. మైక్రోసాఫ్టు వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరులో అవి 2006లో వచ్చిన 7వ కూర్పుతో ప్రవేశించినవి. 2008 సెప్టెంబరులో వచ్చిన క్రోమ్ మొదటినుండియు ట్యాబులతోనే వచ్చినది.

ట్యాబును మడిగా తలపోయుడు. ఒక మడిలో నారు పోసి యున్నప్పుడు, మరియొక విత్తనము కొరకు ఆ నారుమడినే దున్నివేయము గదా! ప్రక్క మడిని సిద్ధము చేసికొందుము. దరఖాస్తు నింపుచున్న ట్యాబులోనే మరియొక లింకును తెరచుట నారుమడిని దున్నుట వంటిదే. ప్రక్కన మరియొక ట్యాబు తెరచుట తెలిసిన రైతు పద్ధతి.

లింకు ఎక్కడ తెరచుకొనవలెనో నిర్ణయించువారు ముగ్గురు

మొదటివాడు పుటను వ్రాసినవాడు. లింకు వ్రాయునపుడు దానికి ‘టార్గెట్’ అను గుర్తును చేర్చి, అందు ‘బ్లాంక్’ అను మాట పెట్టినచో ఆ లింకు క్రొత్త ట్యాబులో తెరచుకొనును. ఆ గుర్తు లేనిచో ఉన్న ట్యాబులోనే, ఉన్న పుటను త్రోసి తెరచుకొనును. లింకు చూపునకు రెండును ఒకే విధముగ నుండును. నొక్కువరకు ఏది ఏదో తెలియకపోవుటయే చిక్కు. కొన్ని సైటులు మాత్రము క్రొత్త ట్యాబులో తెరచుకొను లింకు ప్రక్కన చిన్న చదరమునుండి వెలుపలికి పోవు బాణపు గుర్తును ఉంచును.

రెండవది బ్రౌజరు. దానికి కొన్ని సహజ నియమములు కలవు. వాటిలో కొన్నింటిని మనము మార్చుకొనవచ్చును.

మూడవవారు మీరు. మామూలుగ నొక్కినచో పుట వ్రాసినవాని మాట చెల్లును. కాని నొక్కు విధమును మార్చినచో మీ మాట చెల్లును. వెబ్ పుటల నిర్మాణమును పరిశీలించు నిపుణుడు యాకోబ్ నీల్సన్ 1999లోనే, చదువరి కోరకుండ క్రొత్త కిటికీలు తెరచుటను పుటల నిర్మాతలు చేయు ముఖ్యమైన తప్పులలో ఒకటిగా లెక్కించెను. క్రొత్తగా వచ్చిన కిటికీలో వెనుకకు పోవు బాణము పనిచేయదు. చదువరి దారి తప్పును. క్రొత్త ట్యాబు మంచిదా, ఉన్న ట్యాబు మంచిదా అను ప్రశ్నకు ఒకే జవాబు లేదు. దరఖాస్తు నింపునపుడు క్రొత్తది మంచిది. ఒక వార్తనుండి మరియొక వార్తకు పోవునపుడు ఉన్నదే చాలును. ఆ నిర్ణయము చదువుచున్నవానిదిగా నుండవలెను.

కంప్యూటరుపై నొక్కు విధములు

ఈ క్రింది పద్ధతులు క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్ మూడింటిలోను పనిచేయును.

1. కీబోర్డు మూలనున్న కంట్రోల్ మీటను అదిమిపట్టి లింకును నొక్కుడు. ఆ పుట వెనుక నొక క్రొత్త ట్యాబులో తెరచుకొనును. మీరు ఉన్న పుటలోనే యుందురు. ఈ ఒక్కటి నేర్చుకొనినను ఈ వ్యాసము చదివిన ఫలము దక్కును. ఆపిల్ కంప్యూటరులో కంట్రోల్ బదులు కమాండ్ మీటను వాడవలెను.

2. మౌసు నడిమి చక్రమును తిప్పక క్రిందికి నొక్కినను ఇదే ఫలము. ఒక చేయి ఖాళీ లేనివారికి ఇది అనుకూలము.

3. కంట్రోల్, షిఫ్ట్ రెండును పట్టి నొక్కినచో క్రొత్త ట్యాబు తెరచుకొని, వెంటనే దానిలోనికి పోవుదురు.

4. షిఫ్ట్ ఒక్కటే పట్టి నొక్కినచో వేరు కిటికీ తెరచుకొనును. రెండు పుటలను ప్రక్క ప్రక్కన ఉంచి, పాసుపుస్తకములోని విస్తీర్ణమును దరఖాస్తులోని విస్తీర్ణముతో సరిచూచుకొనునపుడు ఇది మేలు.

5. మీటలు గుర్తు లేనిచో లింకుపై మౌసు కుడి మీటను నొక్కుడు. వచ్చిన పట్టికలో క్రొత్త ట్యాబులో తెరచు మాటయు, క్రొత్త కిటికీలో తెరచు మాటయు కనబడును.

6. పుట వ్రాసినవాడు క్రొత్త ట్యాబు కోరినను, మీకు ఉన్న ట్యాబులోనే కావలెనన్న, అదే పట్టికనుండి లింకు చిరునామాను కాపీ చేసి, పైనున్న చిరునామా గడిలో అతికించి ఎంటర్ నొక్కుడు.

7. చిరునామా గడిలో క్రొత్త చిరునామా కొట్టి, ఆల్ట్ మీటను పట్టి ఎంటర్ నొక్కినచో అది క్రొత్త ట్యాబులో తెరచుకొనును. పాత పుట చెడదు.

8. పొరపాటున ట్యాబును మూసినచో బెంగ వలదు. కంట్రోల్, షిఫ్ట్, టి మీటలను కలిపి నొక్కిన అది తిరిగి వచ్చును. అయితే దరఖాస్తు గళ్ళలో నింపిన వివరములు తిరిగి వచ్చునని నమ్మరాదు.

ఒక హెచ్చరిక. కొన్ని సైటులలో లింకువలె కనబడునది నిజమైన లింకు కాక, లోపల వ్రాసిన ఆజ్ఞ వలన కదలు బొత్తాము. దానిపై కంట్రోల్ మీట పనిచేయకపోవచ్చును. అట్టిచోట ట్యాబు చీటీపై కుడి మీట నొక్కి ‘డూప్లికేట్’ అను మాటను ఎన్నుకొనినచో అదే సైటు మరియొక ట్యాబులో వచ్చును. అచట చూడవలసినది చూడవచ్చును. మరికొన్ని సైటులు, ముఖ్యముగ బ్యాంకు సైటులు, ఒకే ఖాతాను రెండు ట్యాబులలో తెరచుటను ఒప్పుకొనక మొదటిదానిని కూడ మూసివేయవచ్చును. కావున నిబంధనలు, సహాయ పుటలు మున్నగువాటిని దరఖాస్తు నింపుటకు ముందుగానే తెరచి చదువుకొనుట అన్నిటికంటె క్షేమము.

బ్రౌజరు నియమములను మార్చుట

ఫైర్‌ఫాక్స్ సెట్టింగులలో ‘జనరల్’ అను భాగమున ట్యాబుల క్రింద రెండు ముఖ్యమైన గళ్ళున్నవి. లింకులను క్రొత్త కిటికీలలో గాక ట్యాబులలో తెరువుమను గడి మొదటిది; దానికి టిక్కు ఉంచుడు. క్రొత్త ట్యాబు తెరచిన వెంటనే దానిలోనికి పొమ్మను గడి రెండవది. దీనికి టిక్కు లేనిచో క్రొత్త ట్యాబులు వెనుక తెరచుకొని మీ కొరకు వేచియుండును. ధరలు, వార్తలు వరుసగా చూచువారికి టిక్కు లేకుండుటయే మంచిది.

ఫైర్‌ఫాక్స్‌లో ట్యాబు చీటీపై కుడి మీట నొక్కి ‘పిన్’ చేయు సదుపాయము కలదు. అట్లు పిన్ చేసిన ట్యాబునుండి వేరొక సైటునకు పోవు లింకును నొక్కినచో అది తనంతట క్రొత్త ట్యాబులోనే తెరచుకొనును. రోజును చూడు వాతావరణ పుటను ఇట్లు గట్టుకు గుంజ పాతినట్లు నిలుపుకొనవచ్చును.

క్రోమ్‌లో ఇట్టి గళ్ళు తక్కువ. అచట నొక్కు విధముపైననే ఆధారపడవలెను. అయితే క్రోమ్ తెరచినపుడు ఏమి కనబడవలెనో సెట్టింగులలో ‘ఆన్ స్టార్టప్’ అను భాగమున నిర్ణయించుకొనవచ్చును. అచట మూడు మార్గములు కలవు: ఖాళీ క్రొత్త ట్యాబు, నిన్న విడిచిన ట్యాబులే, లేదా మీరు ఎన్నిన కొన్ని పుటలు. కరెంటు తరచు పోవు పల్లెలలో ‘నిన్న విడిచినచోటనుండి’ అను రెండవ మార్గము మంచిది. కరెంటు వచ్చిన తరువాత ట్యాబులు మరల నిలుచును. పలువురు వాడు కంప్యూటరుపై మాత్రము దీనిని పెట్టరాదు.

బుక్‌మార్కులు: మంచి విత్తనమును దాచుకొనుట

నమ్మకమైన చిరునామాను ఒకసారి సంపాదించిన తరువాత మరల వెదకులాట ఎందుకు? కంట్రోల్, డి మీటలను నొక్కినచో ఆ పుట బుక్‌మార్కుగా నిలువయగును. కంట్రోల్, షిఫ్ట్, బి నొక్కిన, చిరునామా గడి క్రింద బుక్‌మార్కుల వరుస కనబడును.

వెదకుడు యంత్రములో పేరు కొట్టి, వచ్చినవాటిలో మొదటిదానిని నొక్కువారు చాలమంది. మొదట వచ్చునది ప్రకటన కావచ్చును. నకిలీ సైటు కూడ కావచ్చును. పిఎం కిసాన్, ఫసల్ బీమా, ఇ-నామ్, అగ్‌మార్క్‌నెట్ మున్నగు కేంద్ర ప్రభుత్వ సైటుల చిరునామాలు ‘జిఓవి’, చుక్క, ‘ఐఎన్’ అను అక్షరములతో ముగియును. ఆ ముగింపును ఒకసారి సరిచూచి బుక్‌మార్కు చేసికొనినచో, తరువాత ప్రతిసారి ఆ తలుపునుండియే పోవచ్చును.

ఇపుడు అసలు చిక్కునకు వత్తము. బుక్‌మార్కును మామూలుగ నొక్కినచో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండింటను అది ఉన్న ట్యాబులోనే తెరచుకొనును. దరఖాస్తు మధ్యలో ధర చూడవలెనని బుక్‌మార్కును నొక్కినచో దరఖాస్తు పోవును. బుక్‌మార్కులకు కూడ కంట్రోల్ మీటయు, నడిమి చక్రమును పనిచేయును. క్రొత్త ట్యాబు తెరచుకొనును.

ఫైర్‌ఫాక్స్‌లో ఈ నియమమునే శాశ్వతముగ మార్చుకొనవచ్చును. చిరునామా గడిలో ఇంగ్లీషున ‘అబౌట్:కాన్ఫిగ్’ అని కొట్టుడు. జాగ్రత్త వహింపుమని ఒక పుట వచ్చును; అంగీకరించి ముందుకు సాగుడు. వెదకు గడిలో ‘లోడ్‌బుక్‌మార్క్స్’ అని ఇంగ్లీషు అక్షరములతో, నడుమ ఖాళీ లేకుండ కొట్టుడు. ‘లోడ్‌బుక్‌మార్క్స్‌ఇన్‌ట్యాబ్స్’ అను పేరుతో ముగియు వరుస కనబడును. దాని విలువ ‘ఫాల్స్’ అని యుండును. దానిపై రెండుమారులు నొక్కినచో ‘ట్రూ’ అగును. నాటినుండి బుక్‌మార్కులన్నియు క్రొత్త ట్యాబులోనే తెరచుకొనును. అవి వెనుక తెరచుకొనవలెనన్న, ‘లోడ్‌బుక్‌మార్క్స్‌ఇన్‌బ్యాక్‌గ్రౌండ్’ అను వరుసను కూడ ‘ట్రూ’ చేయవలెను. ఆ పుటలోని ఇతర వరుసలను తాకవలదు. క్రోమ్‌లో బుక్‌మార్కులకు ఇట్టి శాశ్వత మార్పు లేదు. కంట్రోల్ మీటయే శరణ్యము.

బుక్‌మార్కులను విషయమువారీ సంచులలో, అనగా ఫోల్డర్లలో, కట్టుకొనుడు. ‘ధరలు’ అను సంచిలో అగ్‌మార్క్‌నెట్, 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన ఇ-నామ్. ‘వాతావరణము’ అను సంచిలో భారత వాతావరణ శాఖ పుట. ‘భూమి’ అను సంచిలో మీ రాష్ట్రపు భూరికార్డుల సైటు. సంచిపై కుడి మీట నొక్కి అన్నిటిని తెరువుమను మాటను ఎన్నుకొనినచో లోనివన్నియు ఒక్కసారిగా వేర్వేరు ట్యాబులలో తెరచుకొనును. జిల్లావారీ వ్యవసాయ వాతావరణ సలహా బులెటిన్లు వారమునకు రెండుసార్లు, మంగళవారము, శుక్రవారము వెలువడును. ఆ రెండు దినములలో వాతావరణపు సంచిని తెరచి చూచిన తరువాతనే మందు చల్లుటో, నీరు పెట్టుటో నిర్ణయించుకొనుట మంచి అలవాటు.

విత్తనము పాతబడినట్లే బుక్‌మార్కు కూడ పాతబడును. తెలంగాణలో భూరికార్డులకు 2020 అక్టోబరునుండి ధరణి పోర్టల్ ఉండెను. 2025 ఏప్రిల్ 14న దాని స్థానమున భూభారతి వచ్చినది. అట్టి మార్పు వచ్చినపుడు పాత బుక్‌మార్కును తీసివేసి, క్రొత్త చిరునామాను రైతు సేవలు చూచు అధికారినుండి తెలిసికొని చేర్చుకొనవలెను. ఏడాదికొకసారి, ఏరువాకకు ముందు, బుక్‌మార్కులన్నిటిని ఒక్కొక్కటిగ తెరచి పనిచేయనివాటిని ఏరివేయుడు.

ఫోనుపై పద్ధతులు

మనలో చాలమందికి కంప్యూటరు లేదు, ఫోనే ఉన్నది. ఫోనులో కంట్రోల్ మీట లేదు. దాని పనిని వ్రేలిని నిలుపుట చేయును. లింకుపై వ్రేలిని తటాలున తీయక రెండు క్షణములు అదిమిపట్టుడు. ఒక పట్టిక వచ్చును. అందు క్రొత్త ట్యాబులో తెరచు మాటను ఎన్నుకొనుడు.

ఆండ్రాయిడ్ ఫోనులోని క్రోమ్‌లో చిరునామా గడి ప్రక్కన చిన్న చదరములో ఒక అంకె యుండును. తెరచియున్న ట్యాబులెన్నో అది చెప్పును. దానిని నొక్కినచో ట్యాబులన్నియు కనబడును, అక్కరలేనివాటిని మూయవచ్చును. అంకె 99 దాటినచో ఆ చదరములో అంకెకు బదులు నవ్వుముఖపు గుర్తు వచ్చును. మీ ఫోనులో ఆ నవ్వు కనబడుచున్నచో కలుపు తీయు అదను దాటినదని తెలిసికొనుడు.

ఫోనులో బుక్‌మార్కును నొక్కినను సాధారణముగ ఉన్న ట్యాబులోనే తెరచుకొనును. కావున మొదట కూడిక గుర్తును నొక్కి ఖాళీ ట్యాబు తెరచి, తరువాత మూడు చుక్కల పట్టికనుండి బుక్‌మార్కును ఎన్నుకొనుడు.

ఇంకొక సంగతి. ఫోనులో జ్ఞాపకశక్తి చాలనప్పుడు వెనుకనున్న ట్యాబును ఫోను దించివేయును. తిరిగి దానిలోనికి పోయినపుడు పుట మొదటినుండి లోడగును. సగము నింపిన దరఖాస్తు పోవును. కావున ఫోనులో పెద్ద దరఖాస్తు నింపునపుడు ఇతర ట్యాబులను, యాప్‌లను ముందే మూయుడు. వివరములన్నియు ఒక కాగితముపై వ్రాసి ప్రక్కన ఉంచుకొని, ఒకే కూర్చున నింపుడు.

తెరచుకొనని ట్యాబులు

ఒక్కొక్కప్పుడు ‘రసీదు చూడుడు’ అని నొక్కినను ఏమియు జరుగదు. సైటు పనిచేయుటలేదని విసుగుకొని మరల మరల నొక్కుదురు. అది సైటు తప్పు కాకపోవచ్చును. అడుగకుండ తెరచుకొను ప్రకటనల కిటికీలను అడ్డుటకు బ్రౌజరులలో పాపప్ నిరోధకము కలదు. అది రసీదును కూడ ప్రకటన యని పొరబడి ఆపును. చిరునామా గడి చివరనో, పుట పైభాగముననో చిన్న గుర్తుతో గాని వాక్యముతో గాని ఆ విషయము చెప్పును. దానిని నొక్కి ఆ ఒక్క సైటునకు మాత్రము అనుమతి యిండు. అన్ని సైటులకు అనుమతి యిచ్చుట కంచె మొత్తమును పీకివేయుట వంటిది.

చీడ: రంగు మార్చు ట్యాబు

2010లో ఆజా రాస్కిన్ అను నిపుణుడు ఒక మోసపు పద్ధతిని బయటపెట్టెను. మీరు ఏదో పుట తెరచి, దానిని విడిచి వేరొక ట్యాబులోనికి పోవుదురు. మీరు చూడని సమయమున ఆ పుట తన రూపును, చీటీపై పేరును మార్చుకొని బ్యాంకు పుటవలె కూర్చుండును. కొంతసేపటికి మీరు తిరిగి వచ్చి, బ్యాంకు పుటను తామే తెరచి విడిచితిమి గాబోలునని తలచి పాస్‌వర్డు కొట్టుదురు. అది దొంగ చేతిలో పడును.

దీనికి తోడు, క్రొత్త ట్యాబులో తెరచుకొన్న పుట తనను తెరచిన వెనుకటి ట్యాబు చిరునామాను మార్చగల దారి యొకటి చాలకాలముండెను. క్రొత్త ట్యాబు కోరు లింకులకు ఆ దారిని 2020 జూలైలో ఫైర్‌ఫాక్స్ 79, 2021 జనవరిలో క్రోమ్ 88 తమంతట మూసినవి. నవీకరింపని పాత బ్రౌజరులు వాడువారికి ఆ ముప్పు ఇంకను కలదు.

నివారణ సులభము. పాస్‌వర్డు, ఓటీపీ, ఆధార్ సంఖ్య కొట్టుటకు ముందు చిరునామా గడిని చదువుడు. సందేశములో వచ్చిన లింకునుండి తెరచుకొన్న ట్యాబులో వాటిని ఎన్నడును కొట్టవలదు. ఆ ట్యాబును మూసి, మీ బుక్‌మార్కునుండి క్రొత్త ట్యాబు తెరచి అచట కొట్టుడు. బ్రౌజరును ఎప్పటికప్పుడు నవీకరించుడు.

పదిమంది వాడు కంప్యూటరు

సేవా కేంద్రములలోను, ఇంటర్నెట్ అంగళ్ళలోను పని చేయించుకొనువారు ఒక సంగతిని ముఖ్యముగ గమనింపవలెను. ట్యాబును మూయుట లాగౌట్ అగుట కాదు. ఒకే బ్రౌజరులోని ట్యాబులన్నిటికి ప్రవేశము ఉమ్మడి. మీరు ట్యాబు మూసి లేచిన తరువాత, మరియొకరు కంట్రోల్, షిఫ్ట్, టి నొక్కినచో మీ ట్యాబు మరల తెరచుకొనును. మీ ఖాతా ఇంకను తెరచియే యుండవచ్చును. మీకు మేలుచేయు మీటయే అచట కీడు చేయును.

కావున మొదట లాగౌట్ అయి, తరువాత ట్యాబును మూయుడు. ఇంకను మంచి పద్ధతి, పని మొదలిడుటకు ముందు రహస్య కిటికీని తెరువుమని అడుగుట. క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎన్. ఫైర్‌ఫాక్స్‌లో కంట్రోల్, షిఫ్ట్, పి. ఆ కిటికీలన్నిటిని మూసినచో ప్రవేశపు గుర్తులు తొలగును. మూసిన ట్యాబులు తిరిగి రావు.

జ్ఞాపకముంచుకొనదగినవి

దరఖాస్తు ఉన్న ట్యాబులో మరి దేనిని తెరువకుడు.
కంప్యూటరుపై కంట్రోల్ పట్టి నొక్కుడు. ఫోనుపై వ్రేలిని అదిమిపట్టుడు.
సరిచూచిన చిరునామాలనే బుక్‌మార్కు చేయుడు, ఏడాదికొకసారి ఏరివేయుడు.
పాస్‌వర్డుకు ముందు చిరునామా చదువుడు.
ఇతరుల కంప్యూటరుపై లాగౌట్ అయి మూయుడు.

మొదటిసారి ఈ పద్ధతులను బీమా దరఖాస్తుపై ప్రయోగింపక, తీరిక వేళ వాతావరణ పుటపైననో, ధరల పుటపైననో చేసి చూడుడు. క్రొత్త వంగడమును ముందు ఒక మూల మడిలో వేసి చూచుట మనకు అలవాటే గదా.

మరుసటి ఏడు ఆ గ్రామమునకు పోయినపుడు ఆ రైతు యింట కాసేపు కూర్చుంటిని. కుమార్తె ఏదో దరఖాస్తు నింపుచున్నది. తండ్రి ప్రక్కన పాసుపుస్తకము పట్టుకొని నిలుచుండి, “ఆ నీలి అక్షరాలు నొక్కేముందు ఆ మూలమీట పట్టుకో అమ్మా” అనెను. “పట్టుకునే ఉన్నాను నాన్నా” అని ఆమె నవ్వినది. నిబంధనలు ప్రక్క ట్యాబులో తెరచుకొన్నవి. దరఖాస్తు ఉన్నచోటనే ఉన్నది.